ఒరే అప్పలరాజూ, బోర్డు మార్చకు, ముందు సెల్లు చూడు

ఒరే అప్పలరాజూ,

ఉత్తరం చేరింది. ఏటిరా, కారు షెడ్డు షట్టర్ రిమోట్‌కి నాలుగు నెలల్లో మూడు సెల్లులా? పైగా ఎవరో మోటారుని నడిపే సర్క్యూట్ బోర్డే పోయిందన్నాడని అడ్వాన్సు ఇవ్వబోతున్నావా? ఆ డబ్బు జేబులోనే ఉంచు. ఒకసారి పలికి ఇంకోసారి మొరాయించడం, అరచేతిలో ఒక్కటి కొడితే మళ్లీ దారికి రావడం బోర్డు లక్షణాలు కావు. మన విశాఖ లాసన్స్ బే సముద్రపు ఉప్పుగాలి లక్షణాలు.

ముందు తిట్టాల్సింది రిమోట్‌నా, మోటారునా తేల్చుకో. గోడ మీది స్విచ్ నొక్కితే షట్టర్ లేస్తే కరెంటూ మోటారూ బాగున్నట్టే. తర్వాత చెల్లెమ్మ దగ్గరున్న రెండో రిమోట్ నొక్కి చూడు. అది పనిచేసి నీది చేయకపోతే తప్పు నీ రిమోట్‌లోనే ఉంది, ఇక మోటారు పెట్టె విప్పే పని లేదు. రెండూ పనిచేయకపోతే సిగ్నల్ అందుకునే రిసీవర్ వైపు చూడాలి: యాంటెనా తీగ ఊడిందా, గోడ ప్యానెల్ మీద లాక్ బటన్ ఎవరైనా నొక్కారా, మోటారు పక్కన కొత్తగా ఎల్‌ఈడీ బల్బు పెట్టారా. నాసిరకం ఎల్‌ఈడీ బల్బులు రేడియో రొద చేసి రిమోట్ అందే దూరాన్ని తగ్గించేస్తాయి. బల్బు ఆర్పి ఒకసారి నొక్కితే అది తేలిపోతుంది.

టీవీ రిమోట్‌ని ఫోన్ కెమెరా ముందు నొక్కి వెలుగు చూస్తారే, ఆ చిట్కా ఇక్కడ పనికిరాదు. టీవీది ఇన్‌ఫ్రారెడ్, దీనిది రేడియో. మన దగ్గర అమ్మేవాటిలో ఎక్కువ భాగం 433.92 మెగాహెర్ట్జ్‌వి. కెమెరాలో ఏమీ కనపడలేదని రిమోట్ చచ్చిందనుకోకు. దాని మీది చిన్న లైటు వెలిగిందని బతికే ఉందనీ అనుకోకు. లైటు వెలగడానికి సరిపోయే కరెంటు సిగ్నల్ గేటు దగ్గర నుంచి షట్టర్ దాకా పోవడానికి చాలకపోవచ్చు. షట్టర్‌కి మీటరు దూరంలో నిలబడి నొక్కితే పనిచేసి, గేటు దగ్గర పనిచేయకపోతే ముందు సెల్లునీ, దాన్ని పట్టుకునే రేకులనీ అనుమానించు.

ఇప్పుడు రిమోట్ విప్పు. వెనక చిన్న స్టార్ స్క్రూ ఉంటుంది. లేకపోతే అంచు గాడిలో గోరో పాత ఏటీఎం కార్డో పెట్టి తిప్పితే రెండు ముక్కలవుతుంది. లోపల బిళ్ల సెల్లుంటే దాని మీద సీఆర్ 2032 లాంటి నంబరుంటుంది. 20 అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. షాపువాడు 2025 ఇచ్చి "రెండూ మూడు వోల్టులే సార్" అంటాడు. వోల్టుల్లో నిజమే, మందంలో కాదు. 0.7 మిల్లీమీటర్ల సందు మిగిలి సెల్లు లోపల ఆడుతుంది. ఇంకో రకం రిమోట్లలో 2016 బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, మొత్తం 6 వోల్టులు. వాటి బదులు ఒక్క 2032 పెడితే కొలతకి సరిగ్గా కూర్చుంటుంది గానీ ఇచ్చేది 3 వోల్టులే. రీచార్జి చేసే ఎల్ఐఆర్ 2032 అసలు పెట్టకు. నిండా చార్జయితే అది 4.2 వోల్టులిస్తుంది. మూడు వోల్టుల కోసం చేసిన చిప్ తట్టుకోకపోవచ్చు.

చిన్న పొట్టి గొట్టంలాంటి సెల్లుంటే అది 12 వోల్టులది. అందులో 23ఏ, 27ఏ అని రెండున్నాయి. పొడవు దాదాపు ఒకటే, 28 మిల్లీమీటర్ల చిల్లర. 23ఏ పది మిల్లీమీటర్ల లావు, 27ఏ ఎనిమిది. సన్నదాన్ని లావుదాని గదిలో పెడితే వదులైపోతుంది. రిమోట్ కొడితే పలకడం వెనక చాలా కేసులు ఇలాంటి వదులు వ్యవహారాలే.

అసలు సంగతికి వస్తాను. "మీటర్లో మూడు వోల్టులు చూపించింది, సెల్లు బాగానే ఉంది" అని రాశావు. మల్టీమీటర్ సెల్లు నుంచి లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. రిమోట్ నొక్కినప్పుడు మాత్రం పది మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. ముసలి బిళ్ల సెల్లు ఖాళీగా ఉన్నప్పుడు మూడు చూపించి, పని చెప్పగానే కూలబడుతుంది. అందుకని పని చెప్పి కొలు. డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో 220 ఓముల రెసిస్టర్, అదే కరెంటుకి అడ్డుపడే రెండు కాళ్ల చిన్న ముక్క, ఒకటి తెచ్చుకో. మీటర్ని 20 వోల్టుల డీసీకి తిప్పి, సెల్లు రెండు ముఖాలకీ రెసిస్టర్ కాళ్లూ మీటర్ పిన్నులూ కలిపి ఆనించి, రెండు మూడు సెకన్లలో మీటర్ ఎంత చూపిస్తుందో చూడు. 2.7కి పైన నిలబడితే సెల్లు మంచిది. 2.4 కిందికి జారితే పారెయ్. 12 వోల్టుల సెల్లుకైతే 1000 ఓముల రెసిస్టర్ పెట్టు. 10 కిందికి పడితే దాని పని అయిపోయింది.

సెల్లు ఈ పరీక్ష నెగ్గినా రిమోట్ మొరాయిస్తోందంటే రేకులు. సముద్రపు గాలిలో ఉప్పు తేమ నికెల్ పూత సందుల్లోంచి దూరి కింద రాగిని తింటుంది. పచ్చగా కనపడేది అదే. కంటికి కనపడని పల్చని పొర కూడా అంతే చెడ్డది. లెక్క వెయ్యి: ఆ పొర 100 ఓములు అడ్డు పెడితే, 10 మిల్లీఆంపియర్ల దగ్గర ఒక వోల్టు అక్కడే ఆవిరి. 12లో ఒకటి పోతే రిమోట్‌కి తెలియదు, మూడులో ఒకటి పోతే ఏం మిగులుతుంది? చెల్లెమ్మ రిమోట్ 12 వోల్టులదన్నావు కదా, అదే గాలిలో అది నెట్టుకురావడానికి కారణం ఇదే కావచ్చు. నువ్వు కొత్త సెల్లు వేసిన ప్రతిసారీ వారం రోజులు బాగుండటం కూడా ఇందుకే. సెల్లు జరుపుతున్నప్పుడు పొర కాస్త గీసుకుపోతుంది, అంతే.

శుభ్రం చేయడం పది నిమిషాల పని. సెల్లు తీసేయ్. రేకుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దు, తర్వాత ఇయర్‌బడ్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి చేసి తుడువు. ఉప్పుకాగితం వాడకు, ఉన్న పూత కూడా పోతుంది. శానిటైజర్ వద్దు, చాలావాటిలో గ్లిజరిన్ ఉండి జిడ్డు మిగులుస్తుంది. 12 వోల్టుల సెల్లు కారి తెల్లటి పొడి కట్టి ఉంటే అది క్షారం. చేతికి తొడుగు వేసుకుని, ఇయర్‌బడ్ కొసకి చుక్క నిమ్మరసమో వెనిగరో పెట్టి అద్ది, ఆ మీదట ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వు. కొత్త బిళ్ల సెల్లు ముఖాలు కూడా ఓసారి తుడువు. పిల్లలు మింగకుండా చేదు పూత వేసినవి వస్తున్నాయి, ఆ పూత కొన్నిటిలో కరెంటుకి అడ్డం వస్తుంది. చివరికి రేకుని పళ్లపుల్లతో ఒక అరమిల్లీమీటరు పైకి లేపు. ప్లస్ ముఖం ఎటో లోపల గుర్తు ఉంటుంది, అలాగే పెట్టు. వదులుకి సిగరెట్ పెట్టె రేకు మడిచి కుక్కడం మాత్రం మానుకో. అది జరిగి షార్ట్ అయితే సెల్లు గంటల్లో ఖాళీ.

అన్నీ చేశాక కూడా సెల్లు వారాల్లో అయిపోతోందంటే బటన్ లోపల ఇరుక్కుని ఉంటుంది. ముట్టుకోకుండానే లైటు వెలుగుతుంటే అదే. మే నెలలో రిమోట్‌ని డాష్‌బోర్డు మీద వదిలెయ్యడం కూడా సెల్లుని చంపుతుంది. సాధారణ బిళ్ల సెల్లు 60 డిగ్రీల దాకానే, ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు అది దాటిపోతుంది.

సెల్లు తీస్తే, మోటారు నీ రిమోట్‌ని గుర్తుపట్టే కోడ్ పోతుందేమో అని భయపడకు. కోడ్ ఉండే మెమరీకి కరెంటు అక్కర్లేదు. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రకాల్లో, దూరంగా ఉండి పిల్లలు పదులసార్లు నొక్కేస్తే రిసీవర్ లెక్క తప్పొచ్చు. దగ్గర నిలబడి వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే చాలా మోడళ్లు సర్దుకుంటాయి. లేకపోతే మోటారు బోర్డు మీది లెర్న్ బటన్‌తో మళ్లీ జతచెయ్యాలి.

ఇంకోటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేని ఊరు మనది. రిమోట్ ఎంత బాగున్నా కరెంటు లేకపోతే షట్టర్ లేవదు. చేత్తో తిప్పే గొలుసు ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించు.

పాత బిళ్లలు బల్ల మీద వదలకు, ఇంట్లో చంటాడున్నాడు. మింగితే రెండు గంటల్లో అన్నవాహిక కాలిపోవచ్చు. అనుమానం వచ్చినా సరే, తిన్నగా పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి పరిగెత్తాల్సిందే. రెండు ముఖాలకీ టేపు వేసి, ఎత్తున డబ్బాలో పెట్టి, ఈ-వేస్ట్‌లో వెయ్యి.

ఆదివారం విప్పుతావు కదా, సెల్లు మీది నంబరూ, రెసిస్టర్ పెట్టినప్పుడు వచ్చిన వోల్టులూ, రేకుల రంగూ రాసి పంపు. బోర్డు సంగతి అప్పుడు మాట్లాడదాం.

నీ
సత్తిబాబు