మంగళవారం కొట్టు తెరవకుండా ఉండాల్సింది

అమెరికాలో నార్త్ డకోటా, మిన్నెసోటా సరిహద్దు మీద ఫార్గో, మూర్‌హెడ్‌లలో ఉన్న మన కస్టమర్లందరికీ నమస్కారం.

ముందు డబ్బుల సంగతి. పోయిన బుధ, గురువారాల్లో మా దగ్గర ములక్కాడలు, బెండకాయలు, అరటికాయలు, కరివేపాకు కొన్నవాళ్ళకి డబ్బు వెనక్కి ఇచ్చేస్తాం. రసీదు అక్కర్లేదు, పాడైన కూరలు మళ్ళీ మోసుకు రావక్కర్లేదు. ఏం కొన్నారో ఒక మెసేజ్ పెడితే చాలు.

తప్పు మాదే. మినియాపొలిస్ నుంచి మన సరుకు 235 మైళ్ళు రావాలి. ఎండాకాలంలో కూరల్ని చల్లగా ఉంచే రీఫర్ ట్రక్కే చలికాలంలో వాటిని వెచ్చగా ఉంచుతుంది, కాబట్టి దారిలో ఏమీ కాలేదు. సోమవారం మంచు తుపానుకి ఐ-94 హైవే మూసేశారు. బండి మంగళవారం తెల్లారి వచ్చింది. అప్పుడు మైనస్ 27 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 33 సెల్సియస్. మా వెనక తలుపు దగ్గర బండి ఆనించే డాక్ లేదు. ఒక్కో పెట్టె దించి లోపలికి చేర్చేసరికి కొన్ని పెట్టెలు పావుగంటకు పైగా బయటే ఉండిపోయాయి. కొత్తిమీర అక్కడికక్కడే గాజు ముక్కలా విరిగింది, దాన్ని పారేశాం. ములక్కాడలు మాత్రం పచ్చగా, గట్టిగా కనిపించాయి. లోపల గడ్డకట్టి కరిగిన కాయ మర్నాటికి గానీ మెత్తబడదు. అరటికాయకైతే గడ్డ కట్టేంత చలి కూడా అక్కర్లేదు, తొక్క నల్లబడిపోతుంది. ఇన్నేళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్నవాణ్ణి, ఒక కాయ విరిచి చూడాల్సింది. చూడకుండా అమ్మాను. క్షమించండి.

కూరల నష్టం పూడ్చుకుంటాం. నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే సంగతి.

ఆ మంగళవారం సాయంత్రం యూనివర్సిటీలో చదివే అబ్బాయి ఒకడు వచ్చాడు. ఈ దేశం వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు. పండక్కి బియ్యప్పిండి, బెల్లం కావాలని బస్సు దిగి నాలుగు వీధులు నడిచాడు. దారి చూసుకోవడానికి ఫోను పట్టుకోవాలని కుడిచేతి తొడుగు తీసేశాడు. లోపలికి వచ్చేసరికి మూడు వేళ్ళ కొసలు మైనంలా తెల్లగా ఉన్నాయి. ‘నొప్పేం లేదన్నా, కొంచెం కొంకర్లు పోయాయంతే’ అన్నాడు. నొప్పి లేకపోవడమే భయపడాల్సిన విషయం. తిన్నగా వెళ్ళి హీటర్ దగ్గర చెయ్యి పెట్టబోయాడు. భోగిమంట దగ్గర చేతులు కాచుకున్న అలవాటు మనందరిదీ. మా ఆవిడ వెనక్కి లాగింది. స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. రుద్దినా లోపలి కండ దెబ్బతింటుంది. గోరువెచ్చని నీళ్ళలో, అంటే 40 సెల్సియస్‌కి మించని నీళ్ళలో, అరగంట ఉంచాం. రంగు తిరిగి వస్తున్నప్పుడు ఆ నొప్పికి పిల్లాడు ఏడ్చేశాడు. తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బొబ్బలొచ్చాయి గానీ వేళ్ళకి ప్రమాదం లేదన్నారు.

ఆ గంటలో విండ్ చిల్, అంటే గాలితో కలిపి ఒంటికి తగిలే చలి, మైనస్ 50 ఫారెన్‌హీట్‌కి అటూ ఇటూ ఉంది. అంత చలిలో వట్టి చర్మం గడ్డ కట్టడానికి పది నిమిషాలు చాలు. కెనడా నుంచి దిగే గాలికి ఇక్కడ ఒక్క కొండ అడ్డం లేదు. ఈ నేలంతా ఒకప్పటి అగాసిజ్ సరస్సు అడుగు, అరచెయ్యిలా చదును. 2019 జనవరి ఆఖరి వారం ఇక్కడున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కొత్తగా వచ్చిన పిల్లలకి ఎవరు చెబుతారు? మా కొట్టు తెరిచి ఉందంటే, బయటికి రావచ్చనే కదా వాడు అనుకున్నాడు.

నేను పుట్టి పెరిగింది రెంటచింతల పక్కన. అక్కడ మే నెలలో మిట్టమధ్యాహ్నం షట్టర్ దించేసి లోపల పడుకుంటారు. ఆ ఎండలో కొట్టు తెరవమని ఎవరూ అడగరు, మూసినందుకు ఎవరూ తప్పు పట్టరు. ఆ బుద్ధి ఇక్కడికి వచ్చాక నాకెందుకు పోయిందో తెలియడం లేదు. పండగ వారం బేరం పోతుందన్న ఆశ తప్ప వేరే కారణం కనపడలేదు.

కాబట్టి ఇక నుంచి మన జిల్లాకి వాతావరణ శాఖ ఎక్స్‌ట్రీమ్ కోల్డ్ వార్నింగ్ ఇచ్చిన రోజు కొట్టు మూసే ఉంటుంది. ఇదివరకు దీన్నే విండ్ చిల్ వార్నింగ్ అనేవారు, 2024 అక్టోబరు నుంచి పేరు మారింది. డెలివరీ కూడా ఉండదు. మా దగ్గర పనిచేసే పిల్లల్ని ఆ రోడ్ల మీదికి పంపను, వాళ్ళకి ఆ రోజు జీతం ఇస్తాం. పసిపిల్లల పాలపొడి లాంటిది అత్యవసరమైతే ఫోన్ చెయ్యండి, నేనే తెచ్చిస్తాను. నా బండికి ఇంజన్‌ని వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ ఉంది, రాత్రంతా ప్లగ్‌లోనే ఉంటుంది.

ఈసారి చెరకు గడలు, రేగిపళ్ళు రావు. భోగిపళ్ళకని ముందే చెప్పుకున్నవాళ్ళకి అడ్వాన్సు తిరిగిచ్చేస్తాం. దోసెపిండి పులవలేదని చాలామంది అన్నారు, నిజమే. మా వంటగదే ఆ వారం చల్లబడిపోయింది. గిన్నెని ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి రాత్రంతా వదిలెయ్యండి, పొంగుతుంది.

తలుపు పక్కన ఒక బుట్ట పెట్టాం. అందులో మందపాటి చేతితొడుగులు, ఉన్ని టోపీలు ఉన్నాయి. లేనివాళ్ళు అడగకుండా తీసుకోండి. మీ ఇంట్లో వాడనివి ఉంటే తెచ్చి అందులో వెయ్యండి, ముఖ్యంగా పెద్ద సైజువి. ఉన్నవన్నీ చిన్నవే.