ఉర్తో అంటే దొంగతనమే: మీరు తిరస్కరించిన నా క్లెయిమ్‌ల గురించి ఫిర్యాదు

తెనాలి,
2025 ఆగస్టు 4.

క్లెయిమ్స్ విభాగం మేనేజర్ గారికి,
ప్రయాణ బీమా కంపెనీ, హైదరాబాద్ కార్యాలయం.

విషయం: స్పెయిన్ ప్రయాణంలో జరిగిన దొంగతనం, వైద్య ఖర్చుల క్లెయిమ్‌లను తిరస్కరిస్తూ జూలై 21న మీరు పంపిన లేఖ గురించి.

అయ్యా / అమ్మా,

ఈ లేఖ తెలుగులో ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. మీ పాలసీని నాకు తెలుగులోనే అమ్మారు. ఏప్రిల్‌లో మీ ఏజెంటు మా ఇంటికొచ్చి, మా నాన్న ఎదురుగా కూర్చుని, "అమ్మాయి ఒక్కతే వెళ్తోందని టెన్షన్ పడకండి, అక్కడ ఏం జరిగినా ఒక్క ఫోన్ కొడితే చాలు, మేం చూసుకుంటాం" అన్నారు. ఆ మాట విన్నాకే నాన్న సరేనన్నారు. స్పెయిన్ లాంటి యూరప్ దేశాలకు ఇచ్చే షెంజెన్ వీసాకు 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి కాబట్టి ఏదో ఒక పాలసీ ఎలాగూ తీసుకోవాల్సిందే. తక్కువ ప్రీమియంకి వేరేవి దొరికాయి కూడా. సామాను, పాస్‌పోర్టు, 24 గంటల సహాయం ఉన్నాయనే మీది తీసుకున్నాను.

నేను అడిగింది రెండు క్లెయిమ్‌లు. ఒకటి కాలికి చేయించుకున్న వైద్యం, రెండోది బార్సిలోనాలో పోయిన బ్యాగు, పాస్‌పోర్టు. రెండింటినీ మీరు ఒకే పేజీలో తోసిపుచ్చారు. మీరు చెప్పిన కారణాలకు ఒక్కొక్కదానికీ జవాబు రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

ముందు వైద్యం సంగతి. మే 13న సార్రియా అనే ఊరి నుంచి సాంటియాగో దె కంపోస్తెలాకు నడక మొదలుపెట్టాను. దాదాపు 115 కిలోమీటర్లు, అయిదు రోజులు. కామినో అంటారు ఆ దారిని. కొన్ని వందల ఏళ్లుగా యాత్రికులు నడుస్తున్న దారి అది. కనీసం 100 కిలోమీటర్లు నడిచినవాళ్లకు సాంటియాగోలో యాత్ర పూర్తి చేసినట్టు పత్రం ఇస్తారు. అందుకే చాలామంది సార్రియా నుంచే బయల్దేరతారు. 2024లో దాదాపు 5 లక్షల మంది ఆ పత్రం అందుకున్నారు. మీ లేఖలో మాత్రం దీన్ని "సాహస క్రీడ, ట్రెక్కింగ్" అని రాసి, పాలసీలో మినహాయింపు ఉందన్నారు.

ఆ దారి ఎలా ఉంటుందో చెబుతాను. పల్లెల మధ్య నుంచి, పొలాల గట్ల పక్కనుంచి, యూకలిప్టస్ చెట్ల నీడలో వెళ్తుంది. గంటకో కాఫీ కొట్టు తగులుతుంది. పసుపు రంగు బాణాలు దారి చూపిస్తాయి. నా ముందు డెబ్బై దాటిన ఒక భార్యాభర్తలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచారు. తాడు లేదు, కొండ ఎక్కడం లేదు, గైడు లేడు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల వెళ్లేవాళ్లను పర్వతారోహకులని ఎవరైనా అంటారా? పాలసీ తీసుకునేటప్పుడు ఇచ్చిన ఫారంలో, వెళ్లే ఊళ్ల దగ్గర "సార్రియా నుంచి సాంటియాగో, నడక" అని నా చేత్తో రాశాను. ఆ ఫారం మీ దగ్గరే ఉంది. అప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మొదటి రోజు సాయంత్రం పోర్తోమారిన్ చేరాను. 1960ల్లో బెలెసార్ రిజర్వాయరు కట్టినప్పుడు పాత ఊరు నీట మునిగింది. ఊళ్లోని పెద్ద చర్చిని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, గుట్ట మీదికి తెచ్చి మళ్లీ కట్టారు. ఆ నంబర్లు ఇప్పటికీ కొన్ని రాళ్ల మీద కనిపిస్తాయి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించిన సంగతి గుర్తొచ్చి, ఆ గోడను చేత్తో తడుముతూ చాలాసేపు నిలబడ్డాను. దీనికీ క్లెయిమ్‌కీ సంబంధం లేదని తెలుసు. నేను వెళ్లింది ఇలాంటివి చూడటానికి, సాహసాలు చేయడానికి కాదు.

మూడో రోజు పలాస్ దె రేయ్ నుంచి అర్సూవా దాకా 29 కిలోమీటర్లు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి వాన. తడిసిన సాక్సుతోనే నడిచాను. మడమ మీద పొక్కు పగిలి, మర్నాటికి చీము పట్టింది. ఎలాగో సాంటియాగో చేరేసరికి 102 జ్వరం. మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే 22 నిమిషాలు లైన్లో పెట్టి కట్ చేశారు. రెండోసారి ఎత్తినతను "దగ్గర్లో ఏదైనా క్లినిక్‌కి వెళ్లండి, బిల్లు దాచుకోండి" అన్నాడు. అలాగే చేశాను. డాక్టరు చీము తీసి, కట్టు కట్టి, యాంటీబయాటిక్ రాశారు. 95 యూరోలయ్యింది. మీ మనిషి చెప్పిన మాట విని వెళ్లిన క్లినిక్ బిల్లుకు మీరే ఇప్పుడు "ముందస్తు అనుమతి లేదు" అంటున్నారు. ఆ కాల్ మే 17 సాయంత్రం 6:20కి జరిగింది. రికార్డింగ్ తీసి వినండి.

ఇక రెండోది. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే.

మే 21 సాయంత్రం 5:40 ప్రాంతంలో బార్సిలోనా సాంట్స్ స్టేషను బయట బెంచీ మీద కూర్చున్నాను. పెద్ద బ్యాగు వీపుకే ఉంది. చిన్న బ్యాగు రెండు పాదాల మధ్య పెట్టుకున్నాను. ఒకతను దగ్గరికొచ్చి నా భుజం చూపించాడు. తెల్లగా, జిగటగా ఏదో పడి ఉంది, పుల్లటి వాసన. పావురం అని సైగ చేసి, జేబులోంచి టిష్యూలు తీసి ఇచ్చాడు. వీపు బ్యాగు మీద కూడా పడిందని చూపిస్తూ, అది తీయడానికి పట్టీ పట్టుకున్నాడు. నేను ఒక భుజం విడిపించుకుని పక్కకి తిరిగాను. అంతే. మళ్లీ చూసేసరికి పాదాల మధ్య బ్యాగు లేదు. టిష్యూలు ఇచ్చినతనూ లేడు. చేతిలో ఆ తడి కాగితం మాత్రం మిగిలింది. అది పావురం రెట్ట కాదనీ, వాళ్లే చల్లారనీ, అక్కడ పర్యాటకుల మీద ఇది పాత ఎత్తేననీ తర్వాత పోలీసులు చెప్పారు.

మీ లేఖలో "సామానును గమనించకుండా వదిలివేసినందువల్ల" అని ఉంది. నేను ఎక్కడ వదిలాను? బ్యాగు నా కాళ్లకు తగులుతూ ఉంది. మీ పాలసీ పుస్తకంలోనే 14వ పేజీలో రాసుకున్నారు, గమనించకుండా వదిలేయడం అంటే కంటికి కనిపించనంత దూరంలో, లేదా ఆపడానికి వీల్లేనంత దూరంలో ఉంచడం అని. మోసం చేసి క్షణంసేపు తల తిప్పించడాన్ని వదిలేయడం అంటే, జేబు కొట్టేసిన ఏ మనిషికీ మీరు డబ్బు ఇవ్వనక్కర్లేదు.

ఆ రాత్రే నౌ దె లా రాంబ్లా వీధిలోని మోస్సోస్ పోలీసు స్టేషనుకు వెళ్లాను. కాతలూన్యా ప్రాంతపు పోలీసులను మోస్సోస్ అంటారు. ఫోన్లో దుబాసీని పెట్టి నా మాటలు రాసుకున్నారు. ఫిర్యాదు కాగితం మీద సమయం స్పష్టంగా ఉంది: మే 21, రాత్రి 9:10. అంటే దొంగతనం జరిగిన మూడున్నర గంటలకి. నేరం దగ్గర "ఉర్తో" అని రాశారు. స్పానిష్‌లో మొదటి అక్షరం హెచ్ అయినా దాన్ని పలకరు. మీరు ఎవరితో అనువాదం చేయించారో కానీ, మీ లేఖలో దాన్ని "పోగొట్టుకోవడం" అని రాసి, పోగొట్టుకున్న వస్తువులకు బీమా వర్తించదన్నారు.

ఉర్తో అంటే పోగొట్టుకోవడం కాదు. స్పెయిన్ శిక్షాస్మృతి 234వ అధికరణం ప్రకారం, ఒకరి వస్తువును వాళ్ల అనుమతి లేకుండా లాభం కోసం తీసుకుపోవడం. తలుపులు పగలగొట్టడమో, కొట్టడమో, బెదిరించడమో ఉంటే అది "రోబో", 237వ అధికరణం. మన మాటల్లో చెప్పాలంటే ఒకటి దొంగతనం, ఇంకోటి దోపిడీ. మీ పాలసీ "దొంగతనం"కి వర్తిస్తుందని మీరే అచ్చు వేశారు. దోపిడీకి మాత్రమే అని ఎక్కడా లేదు. నన్నెవరూ కొట్టలేదు కాబట్టి నా బ్యాగు దానంతట అదే పోయినట్టా?

ఇప్పుడు మీ మూడో కారణం: పోలీసు ఫిర్యాదు 24 గంటల్లో ఇవ్వలేదు, కాగితం మీద మే 23 తేదీ ఉంది అన్నారు. ఈ వాక్యం చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆ మే 23 కాగితం ఎందుకు వచ్చిందో మీ రికార్డుల్లోనే ఉంది.

మే 22 ఉదయం మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, పాస్‌పోర్టు, కార్డు, డబ్బు అన్నీ పోయాయని చెప్పాను. పాలసీలో రాసిన అత్యవసర నగదు కావాలని అడిగాను. పోలీసు కాగితంలో పాస్‌పోర్టు నంబరు లేదు కాబట్టి కేసు తెరవలేమన్నారు. నంబరు ఉన్న కాగితం తెస్తేనే చూస్తామన్నారు. మెయిల్లో దాచుకున్న ఫొటోలోంచి నంబరు తీసుకుని, మే 23 ఉదయం మళ్లీ స్టేషనుకి వెళ్లి, మొదటి ఫిర్యాదుకి అనుబంధం రాయించాను. దాన్ని అక్కడ "ఆంప్లియాసియోన్" అంటారు, అంటే ముందు ఇచ్చిన ఫిర్యాదుకు కొనసాగింపు. దాని మొదటి లైన్లోనే మే 21 నాటి ఫిర్యాదు నంబరు ఉంది. మీరు తెమ్మన్న కాగితం తెచ్చాను. ఆ కాగితం తేదీ చూపించే మీరు కాదన్నారు. అత్యవసర నగదు గురించి జవాబు మే 26న వచ్చింది, "పరిశీలనలో ఉంది" అని.

ఆ మధ్యలో నన్ను ఆదుకున్నది ఎవరో కూడా రాస్తాను. హాస్టల్లో గది మారుదామంటే పాస్‌పోర్టు లేకుండా గది ఇవ్వలేమన్నారు. అక్కడ బస చేసే ప్రతి ఒక్కరి వివరాలూ పోలీసులకు పంపాలి, వాళ్ల తప్పు లేదు. ఫిర్యాదు కాగితం చూపించి అరగంట బతిమాలాక ఒప్పుకున్నారు. రావల్ ప్రాంతంలో మొబైల్ కొట్టు నడిపే ఒక పంజాబీ పెద్దాయన నా ఫోన్ చార్జింగ్ పెట్టి, 50 యూరోలు చేతిలో పెట్టి, "ఇంటికెళ్లాక పంపు బేటీ" అన్నారు. దగ్గర్లోని గురుద్వారాకి దారి చూపించారు. రెండు రోజులు అక్కడే లంగర్‌లో, అంటే అందరికీ ఉచితంగా పెట్టే భోజనంలో తిన్నాను. వేడి రొట్టె, పప్పు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు చేతులు వణికాయి. వాళ్లకు నేనెవరో తెలియదు, నేను వాళ్లకు ప్రీమియం కట్టలేదు.

23 రాత్రి బస్సులో మాడ్రిడ్ వెళ్లాను. మర్నాడు శనివారం, మన రాయబార కార్యాలయం పనిచేసేది సోమవారం 26నే. గ్రనాదాలో అల్‌హాంబ్రా అనే పాత కోట చూడటానికి నాకు టికెట్ ఉన్నది కూడా ఆ రోజుకే. ఆ టికెట్ మన పేరు మీద ఉంటుంది, లోపలి నస్రిద్ రాజభవనాలకు రాసిన సమయానికే వెళ్లాలి. నేను ఆ సమయానికి మాడ్రిడ్‌లో, పాస్‌పోర్టు బదులు ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ దరఖాస్తుతో వరసలో నిలబడి ఉన్నాను. ఇంటర్ చదివే రోజుల నుంచి చూడాలనుకున్న చోటు అది. ఆ సర్టిఫికెట్ ఇండియాకి తిరిగి రావడానికి మాత్రమే పనికొస్తుంది. గ్రనాదా, సెవిల్ రెండూ వదులుకుని జూన్ 2న ఇంటికొచ్చాను.

పోయిన బ్యాగులో కామినో దారి పొడుగునా ముద్రలు వేయించుకున్న చిన్న పుస్తకం కూడా ఉంది. రోజుకి రెండు చొప్పున, చర్చిలో, కాఫీ కొట్లో, ఒక పాల రైతు ఇంటి గుమ్మంలో వేయించుకున్నవి. దానికి మిమ్మల్ని డబ్బు అడగడం లేదు. బ్యాగులో ఉన్న 180 యూరోల నగదూ అడగడం లేదు, పాలసీలో అది లేదని నాకు తెలుసు. నేను అడుగుతున్నవి ఇవి మాత్రమే: బిల్లు ఉన్న కెమెరా 38,000 రూపాయలు, పాస్‌పోర్టు పోయినందువల్ల అయిన ప్రయాణం, బస, పత్రాల ఖర్చు 214 యూరోలు, క్లినిక్ బిల్లు 95 యూరోలు. వీటితో పాటు, మే 17, మే 22 కాల్ రికార్డింగుల కాపీలు కావాలి. "ఉర్తో"ని ఎవరు అనువదించారో, ఏ ఆధారంతో అలా రాశారో రాతపూర్వకంగా చెప్పాలి. మళ్లీ తిరస్కరించేటట్లయితే, పాలసీలో ఏ నిబంధన కింద, ఏ పేజీలో ఉందో చూపిస్తూ మా నాన్నకు కూడా అర్థమయ్యేలా తెలుగులో రాయండి.

ఈ లేఖ అందిన నెల రోజుల్లో సరైన జవాబు రాకపోతే హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను. అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బీమా నియంత్రణ సంస్థ వారి బీమా భరోసా పోర్టల్‌లోనూ ఈ ఫిర్యాదే పెడతాను.

రెండు పోలీసు కాగితాలు, వాటికి అధీకృత అనువాదం, క్లినిక్ బిల్లు, కెమెరా బిల్లు, బస్సు టికెట్, ఎమర్జెన్సీ సర్టిఫికెట్ నకలు, మీకు నేను పంపిన మెయిళ్లు జత చేశాను. మే 21 కాగితంలో సమయం ఉన్న చోట, మే 23 కాగితంలో పాత ఫిర్యాదు నంబరు ఉన్న చోట ఎర్ర సిరాతో గీత గీశాను. ముందు ఆ రెండు లైన్లు చూడండి.

ఇట్లు,
మీ పాలసీదారు
(సంతకం)