ఆర్‌ఏ దరఖాస్తుకు ముందు ఈ లెక్క చూసుకోండి

సంపాదకులకు,

అమెరికా చదువుల ఖర్చు తగ్గించుకునే దారులు చెప్పేటప్పుడు పత్రికల్లో తరచూ ఒక మాట కనిపిస్తుంది: ‘యూనివర్సిటీ హాస్టల్లో ఆర్‌ఏగా చేరితే గది ఉచితం’ అని. ఆర్‌ఏ అంటే రెసిడెంట్ అసిస్టెంట్, హాస్టల్లోనే ఉంటూ తోటి విద్యార్థుల బాగోగులు, నియమాలు చూసుకునే విద్యార్థి. వాళ్లకు గది ఇస్తారన్నది నిజమే. కొన్నిచోట్ల మీల్ ప్లాన్, ఎంతో కొంత స్టైపెండ్ కూడా ఉంటాయి. అయితే ఆ గది జీతం కిందే లెక్క. ఈ సంగతి పట్టించుకోకుండా దరఖాస్తు పెట్టేవాళ్లు ఇంటర్వ్యూలో తేలిపోతారు. ఎంపికైతే అంతకన్నా పెద్ద చిక్కులో పడొచ్చు.

ముందు వీసా సంగతి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. అది అన్ని ఉద్యోగాలకూ కలిపి పెట్టిన హద్దు. డిపార్ట్‌మెంట్‌లో 20 గంటల టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పని చేస్తూ హాస్టల్లో ఆర్‌ఏ కూడా చేస్తానంటే కుదరదు. చేతికి డబ్బు రావడం లేదు, గదే కదా అన్న వాదన చెల్లదు. ఆర్‌ఏ పనిని వారానికి ఎన్ని గంటలుగా రాసుకుంటారన్నది ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో తీరు. డ్యూటీ ఫోన్ పక్కన పెట్టుకుని పడుకున్న రాత్రిని ఎలా లెక్కిస్తారన్నదీ అంతే. హౌసింగ్ ఆఫీసునూ, ఇంటర్నేషనల్ ఆఫీసునూ విడివిడిగా అడిగి, జవాబు ఈమెయిల్లో తీసుకోవాలి. నోటిమాట పనికిరాదు.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకిచ్చే వీసా) మీద ఉన్న పిల్లల పరిస్థితి మరీ వేరు. చిన్నప్పుడే అమ్మానాన్నలతో వెళ్లి, అక్కడే స్కూలు చదివి కాలేజీలో చేరినవాళ్లు మనవాళ్లలో చాలామందే ఉన్నారు. హెచ్-4 మీద చదువుకోవచ్చు గానీ ఉద్యోగం చేయకూడదు. స్టైపెండ్ వద్దు, వలంటీరుగా చేస్తానన్నా లాభం లేదు. పనికి బదులుగా గది ఇస్తే అదీ ప్రతిఫలమే. ఎఫ్-1కు మారాకే దరఖాస్తు గురించి ఆలోచించాలి. ఆ మార్పుకు నెలలు పట్టొచ్చు కాబట్టి చివరి నిమిషంలో మొదలుపెడితే అందదు.

తర్వాత చూడాల్సింది క్యాలెండర్. చాలా యూనివర్సిటీల్లో వచ్చే ఏడాది ఆర్‌ఏ పోస్టులకు శరదృతువులోనో, జనవరిలోనో దరఖాస్తులు తీసుకుంటారు. ఇంటర్వ్యూలు జనవరి, ఫిబ్రవరిల్లో జరుగుతాయి. ఆఫర్లు మార్చికి అటూ ఇటూగా వస్తాయి. చేరేది ఆగస్టులో. కాంట్రాక్టు మే దాకా. ఆగస్టులో ఎంఎస్‌లో చేరిన విద్యార్థికి ఈ లెక్కన దక్కేది ఒక్క అవకాశమే. మూడు సెమిస్టర్లలో డిసెంబర్‌కల్లా ముగించాలనుకునేవాళ్లకు అదీ లేదు, ఏడాది మొత్తం ఉండలేరు గనుక. పైగా మామూలు డార్ముల్లో ఆర్‌ఏ పోస్టులను చాలాచోట్ల బ్యాచిలర్స్ విద్యార్థులకే పరిమితం చేస్తారు. ఎంఎస్ వాళ్లు గ్రాడ్యుయేట్ అపార్ట్‌మెంట్లలో ఉండే కమ్యూనిటీ అసిస్టెంట్ పోస్టులు చూసుకోవడం మేలు. జనవరిలో చేరే మిడ్-ఇయర్ ఖాళీలను మాత్రం ఎక్కువమంది గమనించరు. డిసెంబర్‌లో గ్రాడ్యుయేట్ అయ్యేవాళ్లు, స్టడీ అబ్రాడ్‌కు వెళ్లేవాళ్లు ఖాళీ చేసిన స్థానాలవి. వాటికి అక్టోబర్, నవంబర్‌లలోనే హౌసింగ్ వెబ్‌సైట్ చూస్తూ ఉండాలి.

లీజు దగ్గర ఇంకో మెలిక ఉంది. కాలేజీ ఊళ్లలో బయటి అపార్ట్‌మెంట్ల వాళ్లు వచ్చే ఏడాది లీజు మీద చలికాలంలోనే సంతకం అడుగుతారు. ఆర్‌ఏ ఆఫర్ తేలేది ఆ తర్వాత. ముందే సంతకం పెట్టేస్తే గది వచ్చాక కూడా అద్దె కట్టాల్సి రావచ్చు, లేదా సబ్‌లీజుకు, అంటే మీ బదులు అద్దెకుండటానికి, మనిషిని వెతుక్కోవాలి. సంతకానికి ముందే సబ్‌లీజుకు ఒప్పుకుంటారో లేదో చూసుకోవాలి.

ఇక దరఖాస్తు. డిసిప్లినరీ రికార్డు శుభ్రంగా ఉండాలి, ఫుల్‌టైమ్ విద్యార్థి అయి ఉండాలి, వాళ్లు చెప్పిన జీపీఏ తగ్గకూడదు. చాలాచోట్ల హాస్టల్లో కొంతకాలం ఉన్నవాళ్లనే తీసుకుంటారు. ఇవి గేటు దాటడానికి మాత్రమే. మనవాళ్ల రెజ్యూమెల్లో పేజీ నిండా ప్రోగ్రామింగ్ లాంగ్వేజీలు, ప్రాజెక్టులు ఉంటాయి. ఆర్‌ఏలపై అధికారి అయిన హాల్ డైరెక్టర్‌కు వాటితో పనిలేదు. ట్యూటరింగ్, కాలేజీ ఫెస్టు ఏర్పాట్లు, ఎన్‌ఎస్‌ఎస్, కొత్తగా వచ్చినవాళ్లకు ఎయిర్‌పోర్టు పికప్‌లు చూసుకోవడం లాంటివి పైకి రావాలి. రిఫరెన్సుకు కూడా క్లాసులో ఏ గ్రేడు ఇచ్చారో అంతే చెప్పగల ప్రొఫెసర్ కన్నా, మీతో కలిసి పనిచేసిన సూపర్‌వైజరో, మీ ఫ్లోర్ ఆర్‌ఏనో బలం.

వ్యాసాల్లో ‘నాకు నాయకత్వ లక్షణాలు ఉన్నాయి’ అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. నలుగురు కలిసి ఉన్న ఇంట్లో గిన్నెల దగ్గర గొడవైతే ఎవరితో విడిగా మాట్లాడారు, ఏ ఒప్పందం కుదిర్చారు, అది ఎన్నాళ్లు నిలిచింది: ఇలా రాయాలి. నిలవకపోతే అదీ రాయొచ్చు, ఎందుకు నిలవలేదో చెప్పగలిగితే.

చాలాచోట్ల ఇంటర్వ్యూకు ముందు గ్రూపు రౌండు ఉంటుంది. కొందరిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఏదో పని అప్పజెబుతారు. చుట్టూ ఉన్నవాళ్లు మార్కుల కాగితాలతో గమనిస్తుంటారు. గ్రూప్ డిస్కషన్ కోచింగ్ తీసుకున్న మన పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. అందరికన్నా ఎక్కువ మాట్లాడితే గెలుస్తామనుకుంటారు. చూసేవాళ్లు వెతికేది నోరు విప్పని మనిషిని గమనించి మాటలోకి తెచ్చేవాడి కోసం.

వ్యక్తిగత ఇంటర్వ్యూలో దాదాపు తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది: ఒకమ్మాయి మీ గదికి వచ్చి, ‘ఎవరికీ చెప్పనని మాటివ్వండి, ఒకడు నాతో తప్పుగా ప్రవర్తించాడు’ అంటుంది. ఏం చేస్తారు? ‘చెప్పనమ్మా, నన్ను నమ్ము’ అన్నది మంచి మనసున్న జవాబే, ఉద్యోగానికి మాత్రం తప్పు. టైటిల్ 9 (విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించే చట్టం), క్లెరీ (క్యాంపస్ నేరాల వివరాలు వెల్లడించాలనే చట్టం) అమలులో భాగంగా ఇలాంటి విషయాలను పైకి తెలియజేయాల్సిన బాధ్యతను ఆర్‌ఏలకు యూనివర్సిటీలు సాధారణంగా అప్పగిస్తాయి. కాబట్టి ఆమె వివరాలు చెప్పకముందే, ‘నువ్వు చెప్పింది నేను ఆఫీసుకు తెలియజేయాల్సి ఉంటుంది. రహస్యంగానే మాట్లాడాలంటే కౌన్సెలర్ దగ్గరికి తోడొస్తాను’ అనాలి. ఆ తర్వాత ఎంత చెప్పాలో ఆమె ఇష్టం.

రిపోర్టు రాయడం గురించి కూడా అడుగుతారు. ‘302 గదిలో అందరూ తాగి ఉన్నారు’ అని రాస్తే అది మీ ఊహ. ‘రాత్రి 11:40కి తలుపు తట్టాను. బల్ల మీద మూడు బీరు సీసాలు కనిపించాయి, రెండు ఖాళీవి. గదిలో ఐదుగురు ఉన్నారు’ అని రాస్తే అది రిపోర్టు. ఎవరు తప్పు చేశారో తేల్చే పని ఆర్‌ఏది కాదు. చూసింది, విన్నది, టైముతో సహా రాసి పంపడం వరకే. సొంతంగా రాజీ కుదిర్చి, రిపోర్టు మింగేసి చిక్కుల్లో పడేది ఎక్కువగా మొహమాటస్థులే.

ఎంపికయ్యాక ప్రయాణాల విషయం. ఆగస్టులో క్లాసులకు రెండు, మూడు వారాల ముందే శిక్షణ మొదలవుతుంది, తప్పించుకోవడానికి వీల్లేదు. వేసవిలో ఇండియాకు వచ్చి వీసా స్టాంపింగ్ పెట్టుకున్నవాళ్లకు ఇది గట్టి దెబ్బ. డిసెంబర్‌లోనూ హాస్టల్ మూసి, గదులన్నీ తనిఖీ చేశాకే ఆర్‌ఏ బయల్దేరాలి. జనవరిలో మళ్లీ అందరికన్నా ముందు రావాలి. హాస్టల్ మూసే తేదీ, తెరిచే తేదీ చూడకుండా టికెట్ కొనకూడదు. థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో కొందరు డ్యూటీలో ఉండక తప్పదు, ఆ వంతు మీదీ కావచ్చు.

డబ్బు గురించి రెండు మాటలు. స్టైపెండ్ మీద పన్ను ఉంటుంది. ఉద్యోగ షరతుగా ఉండాల్సిన గది విలువ మీద మామూలుగా ఉండదు. ఎఫ్-1 మీద వచ్చిన మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కోయకూడదు, మొదటి పేస్లిప్‌లోనే చూసుకోండి. సిటిజన్, గ్రీన్‌కార్డు పిల్లలైతే గది ఉచితమయ్యాక ఆర్థిక అవసరాన్ని బట్టి వచ్చే గ్రాంటు తగ్గే అవకాశం ఉంది. లాభమెంతో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో ముందే తేల్చుకోవాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది కాంట్రాక్టులో ఉద్యోగం పోయే సందర్భాలు. గ్రేడ్లు పడిపోయినా, దూరపు ఊళ్లో ఇంటర్న్‌షిప్ వచ్చి సెమిస్టర్ మధ్యలో మానేసినా జీతంతో పాటే గదీ పోతుంది. ఖాళీ చేయడానికి ఇచ్చే గడువు కొన్నిచోట్ల రోజుల్లోనే ఉంటుంది. యూనివర్సిటీ ఆఫ్ మసాచుసెట్స్ ఆమ్‌హర్స్ట్‌లో ఆర్‌ఏలు 2002లోనే యూనియన్ పెట్టుకున్నారు. యూనియన్ లేనిచోట మీ తరఫున అడిగేవాళ్లుండరు. ఎన్ని రోజుల గడువిస్తారు, అప్పీలు ఎవరికి చేసుకోవాలి, మీల్ ప్లాన్ డబ్బు తిరిగి వసూలు చేస్తారా అన్నవి ఆఫర్ లెటర్‌లో లేకపోతే సంతకం పెట్టేలోపే రాయించుకోవాలి.