శుద్ధి కేంద్రం కడితే సరిపోదు

సంపాదకునికి,

నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణాల్లో మురుగునీటి శుద్ధి కేంద్రం కట్టేటప్పటి ఉత్సాహం, దాన్ని నడపడంలో కనిపించకపోవడం బాధాకరం. మురుగును శుభ్రం చేసేది కాంక్రీటు తొట్లు కాదు, వాటిలో బతికే సూక్ష్మజీవులు. వాటికి నిరంతరం గాలి అందాలి. కేంద్రం వాడే విద్యుత్తులో పెద్ద వాటా దీనికే పోతుంది కనుక, ఖర్చు తగ్గించాలనుకోగానే కన్ను పడేది గాలి యంత్రాల మీదే. వాటిని ఆపితే సగం శుద్ధయిన నీరు నదిలో కలుస్తుంది. అందులోని సేంద్రియ పదార్థం కుళ్లుతూ, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను హరిస్తుంది. చేపలు చస్తాయి. ప్రవాహం సన్నబడి నీరు వేడెక్కే వేసవిలో (వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది) ముప్పు మరీ ఎక్కువ. దిగువ ఊళ్లు వాడుకునేదీ ఆ నీటినే. పురపాలక సంఘాలు నిర్వహణకు విడిగా నిధి కేటాయించాలి. నీటి పరీక్షల ఫలితాలను ప్రతి నెలా ప్రజల ముందు పెట్టాలి.

– ఒక పాఠకుడు