అమ్మా, మా విమానం నేల వదలదు

దుబాయ్,
ఆదివారం

అమ్మకు, నాయనకు,

నేనిక్కడ బాగుండాను. మన వెనక వీధి పిల్లోడు సెలవు మీద ఆదోనికి వస్తుంటే వాడి చేతికి ఈ జాబు ఇస్తున్నా. ఫోన్లో నాయన ‘ఆఁ, బాగుండాం’ అని నీకిచ్చేస్తాడు, నువ్వు ఏడుపు ఆపుకోవడంలోనే సగం టైము పోతుంది. తమ్ముడితో చదివించుకోండి.

టీవీలో విమానం కూలిన వార్త చూసినప్పట్నుంచి నీకు నిద్ర లేదంట, లక్ష్మమ్మవ్వకు మొక్కుకున్నావంట. ఎన్నిసార్లు చెప్పల్లమ్మా? మాది ఎగిరేది కాదు, పైలట్లు నేర్చుకునే సిమ్యులేటరు, ఆరు కాళ్ల మీద నిలబెట్టిన గది. లోపల సీట్లు, మీటర్లు అన్నీ అసలు విమానంలో ఉన్నట్టే. అద్దాల బయట కనపడేది మాత్రం బొమ్మ. రన్‌వే మీద పరుగు తీసినట్టు అనిపించడానికి గది మెల్లగా వెనక్కి వంగుతుంది, ఒళ్లు మోసపోతుంది. మొదటిసారి జాతరలో రంగులరాట్నం దిగినట్టు కడుపులో తిప్పింది నాకు.

పైలట్లు ఆరు నెలలకోసారి వచ్చి, ఇంజన్ ఆగితే ఏం చేయాలో, మంటలొస్తే ఏం చేయాలో దాంట్లో చేసి చూపించి పోతారు. ఆ యంత్రం సరిగ్గా ఉందో లేదో చూసేది నా పని. దాన్ని మాకిచ్చేది రాత్రి రెండు నుంచి ఆరు దాకానే. ఆ వేళప్పుడు మేల్కొని ఉండేది అందుకే, పెద్దమ్మకు కూడా చెప్పు.

పోయిన వారం ఒక గొడవైంది. ఈ ముక్క నాయనకు గట్టిగా చదువు తమ్ముడూ. విమానం ముక్కు పైకెత్తడానికి పైలట్ లాగే హ్యాండిల్ చేతికి ఎంత బరువు తగలాలో, అసలు విమానంలో కొలిచి గీసిన గీత ఉంటుంది. ఆ గీతకు అటూ ఇటూ హద్దులు. మా గీత వాటి మధ్యనే పోవల్ల. ఆ రాత్రి ఒకచోట గోరంత బయటికి జరిగింది. మళ్లీ లాగి చూసినా అంతే. పుస్తకంలో రాసి, సంతకం పెట్టలేదు. ఆరింటికి పైలట్లు వచ్చి కూర్చున్నారు. పెద్దసారు ‘గోరంత ఎవరికి తెలుస్తుంది, ఈ పూటకు పోనీ’ అన్నాడు. చేతికి తప్పు బరువు అలవాటైతే నిజం విమానంలోనూ అట్లే లాగుతారు సార్ అన్నా. అందరి ముందరా అరిచినాడు.

నాయనా, నువ్వు యార్డులో కాటా వేసే ముందు రాయి అడుగున అంటిన మట్టిని తువ్వాలతో తుడిచేవాడివి. సేటు తొందరపెట్టినా వినకపోతివి. ఆ మండీలో నిన్ను ఉంచకపోయింది దానికే కదా. అమ్మ వారం రోజులు నీతో మాట్లాడలేదు, నాకు గుర్తుంది. నాతో ఎన్ని రోజులో! నా ఉద్యోగం పోలేదులేమ్మా. మరుసటి రాత్రి లోపల బిగుసుకున్న భాగం సర్దినారు, గీత హద్దులోకి వచ్చినాక సంతకం పెట్టినా. పెద్దసారు మాత్రం ఇంకా మొహం చూడడం లేదు.

ఇక్కడ బొరుగులు దొరికినాయని ఉగ్గాని చేసినా. నీళ్లలో వేస్తే గంజైపోయింది. పప్పులపొడి అయిపోయింది, పంపు.

కర్నూలు సంబంధం వాళ్లకు నా రాత్రి డ్యూటీ సంగతి దాచొద్దు. తెలిసే రానీ.

2021లో ఓర్వకల్లులో విమానాలు మొదలైనప్పట్నుంచి నాయన ‘అక్కడే దిగు, నేనొస్తా’ అంటాడు. దుబాయ్ నుంచి నేరుగా లేదు నాయనా, హైదరాబాదులో దిగే రావల్ల. సంక్రాంతికి సెలవు అడిగినా, ఇంకా చెప్పలేదు.

మోకాలి నూనె పంపిస్తున్నా. రోజుకు రెండుసార్లే. వీధిలో అందరికీ పంచొద్దని నాయనకు చెప్పు.

మీ బిడ్డ