మన ఊరి సంఘం వార్షిక నివేదిక – 2025

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో పంచిన దుప్పట్లు, నోటు పుస్తకాల లెక్క చెప్పుకునేవాళ్లం. ఈసారి అవన్నీ ఒక్క ముక్కలో చెబుతాం: వీధి దీపాలు మార్చాం, బడికి ఫ్యాన్లు ఇచ్చాం, ఎండాకాలం చలివేంద్రం నడిపాం. మిగతా ఏడాదంతా మన కార్యకర్తలు ఒకే పని మీద తిరిగారు. పేదల పేరిట ప్రభుత్వం వేసే డబ్బు వాళ్ల చేతికే అందేలా చూడటం ఆ పని.

ఎందుకింత పట్టుపట్టామంటే, ముందు పింఛను సంగతి చూడండి. 2014 దాకా మన ఆంధ్రప్రదేశ్‌లో ముసలివాళ్లకు నెలకు వచ్చింది రూ.200. ఆ అక్టోబరులో అది రూ.1,000 అయింది. 2024 జనవరికి రూ.3,000, జులై నుంచి రూ.4,000. ఒకటో తారీఖు పొద్దున్నే గ్రామ సచివాలయం ఉద్యోగి గుమ్మం దగ్గరికొచ్చి లెక్కపెట్టి ఇచ్చిపోతున్నారు. దక్షిణపు వీధిలో ఒంటరిగా ఉండే అవ్వకు ఇదివరకు కిరాణా కొట్టులో అరువు పుట్టేది కాదు. ఇప్పుడు కొట్టాయన అడక్కుండానే ఖాతా రాస్తున్నాడు, ఒకటో తారీఖున తీరిపోతుందని ఆయనకు తెలుసు. బీపీ మాత్రలకు కొడుకు ఫోను కోసం ఎదురుచూడటం మానేసింది. మనవరాలి బడి సంచి ఆమే కొనిపెట్టింది. ఎంత వస్తుందన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు వస్తుందన్నదీ అంతే ముఖ్యమని మాకు అక్కడే అర్థమైంది. ఉపాధి హామీ కూలి 2025-26లో రోజుకు రూ.307. పదిహేను రోజుల్లో పడాలని చట్టం చెబుతోంది. అది నెలలు ఆగితే ఆ ఇల్లు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకుంటుంది, వచ్చిన కూలిలో కొంత వడ్డీకే పోతుంది.

జూన్‌లో, చదువుకునే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు పడింది. ఇదివరకటి అమ్మఒడి పథకంలో ఇంటికి ఒక్క బిడ్డకే వచ్చేది, ఇప్పుడు చదివే ప్రతి బిడ్డకూ ఇస్తున్నారు. రూ.15,000లో రూ.2,000 బడి నిర్వహణకు పోగా తల్లి ఖాతాలో రూ.13,000 పడుతుంది. ముగ్గురు పిల్లలున్న ఇంటికి ఒక్కసారే రూ.39,000. తాకట్టులో ఉన్న కమ్మలు విడిపించుకున్నవాళ్లున్నారు, హాస్టల్ సామాన్లు కొన్నవాళ్లున్నారు, గొర్రెపిల్లలు తోలుకొచ్చినవాళ్లూ ఉన్నారు.

డబ్బు పడనివాళ్లు మన దగ్గరికొచ్చారు. చాలామందికి చిక్కు ఒక్కటే: ఏ ఆధార్‌కు ఏ ఖాతా అన్నది నమోదు చేసే ఎన్‌పీసీఐ సంస్థ దగ్గర, వాళ్ల ఆధార్ ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతాకు ముడిపడి ఉంది. డబ్బు అక్కడికి పోతుంది, వీళ్లు ఇక్కడ పాస్‌బుక్ తిప్పుకుంటుంటారు. పుట్టింటి పేరుతో ఆధార్, అత్తింటి పేరుతో రేషన్ కార్డు ఉన్నవాళ్లు మరికొందరు. ఏళ్ల తరబడి పొగాకు గుచ్చి వేలిగీతలు అరిగిపోయిన ఆడవాళ్లకు మిషను మీద వేలిముద్ర పడదు. వాళ్లతో పాటు మన కార్యకర్తలు బ్యాంకుకు వెళ్లి కూర్చున్నారు. ఒక బ్యాంకు శాఖ తల్లుల డబ్బును పాత అప్పుకు జమ వేసుకుంటే, రాతపూర్వకంగా అడిగి వెనక్కి వేయించాం.

చేతికి డబ్బిస్తే తాగేయరా అని పోయిన సర్వసభ్య సమావేశంలో కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. 2011-12లో మధ్యప్రదేశ్ పల్లెల్లో ‘సేవ’ (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం, యూనిసెఫ్ సాయంతో, షరతులేమీ లేకుండా పెద్దలకు నెలకు రూ.200, పిల్లలకు రూ.100 ఇచ్చింది. ఏడాది తర్వాత రూ.300, రూ.150 చేసింది. అక్కడ తాగుడు పెరగలేదు. పిల్లల తిండి మెరుగైంది, ఆడపిల్లలు బడికి ఎక్కువగా వెళ్లారు, కొందరు మేకలు, కుట్టుమిషన్లు కొనుక్కున్నారు. మన ఊళ్లోనూ తాగేవాడు కూలి డబ్బులతోనే తాగుతున్నాడు. తల్లి ఖాతాలో పడింది వాడి చేతికి అంత తేలిగ్గా పోవడం లేదు.

కౌలు రైతుల విషయంలో మాత్రం మేము చేయగలిగింది తక్కువ. ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి మండలంలో, రైతులకు డబ్బు సాయం చేసే అన్నదాత సుఖీభవ పథకం మొదలైంది. రాష్ట్రం ఇచ్చే రూ.5,000, కేంద్రం పీఎం కిసాన్ కింద ఇచ్చే రూ.2,000 కలిపి భూమి ఉన్న రైతుకు రూ.7,000 వచ్చాయి. పీఎం కిసాన్ డబ్బు తమ పేరిట పొలం ఉన్నవాళ్లకే వస్తుంది. కౌలుదారుకు రాష్ట్రం సాయం అందాలంటే సాగుదారు హక్కు పత్రం కావాలి, దానికి భూమి యజమాని సంతకం పెట్టాలి. పొలం చేజారుతుందన్న భయంతో చాలామంది పెట్టడం లేదు. పంట పండించి, నష్టం మోసి, ఎరువు అప్పు తీర్చే మనిషికే ఏమీ దక్కకపోవడం అన్యాయం. హైదరాబాదు, బెంగళూరుల్లో ఉంటూ ఇక్కడ పొలం కౌలుకిచ్చిన మన సభ్యులను పేరుపేరునా అడుగుతున్నాం. ఆ పత్రం పదకొండు నెలలకే చెల్లుతుంది, దానితో భూమిపై హక్కు రాదు. ఖరీఫ్‌కు ముందే సంతకం పెట్టండి.

సంక్రాంతికి దుప్పట్లకు పెట్టే మొత్తాన్ని ఈసారి పింఛను రాని ఇళ్లకు నగదుగా ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది. ఎవరికేం కావాలో వాళ్లకే బాగా తెలుసు. ఈ తీర్మానం మీ ఆమోదానికి వస్తుంది. జమాఖర్చులు కోశాధికారి సమావేశంలో చదివి వినిపిస్తారు. ఖాతా చిక్కులున్నవాళ్లు ఆ రోజే ఆధార్, పాస్‌బుక్ వెంట తెచ్చుకోవాలి.

కార్యదర్శి