లాక్‌డౌన్ ఎత్తేశారు, మా భజన మందిరం తాళం తీయలేదు

అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారాలు. నేను వేరుశనగ వేసే రైతును. మీ దగ్గరికి వచ్చే అర్జీల్లో పంట నష్టం, పాస్‌బుక్కు, పింఛన్లే ఎక్కువని తెలుసు. వాటి పక్కన పెడితే నాది చిన్న అర్జీ. మా పల్లెలో భజన మందిరానికి వేసిన తాళం తీయించండి.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు జనం గుమిగూడకూడదని తాళం వేశారు. న్యాయమే. తర్వాత అందులో బ్లీచింగ్ పౌడర్ బస్తాలు పెట్టారు, ఆ తర్వాత సిమెంటు, విరిగిన కుర్చీలు. మా హార్మోనియం, తాళాలు, చెక్కభజన చెక్కలు, గజ్జెలు లోపలే ఉండిపోయాయి. తాళంచెవి ఎవరి దగ్గరుందంటే తలా ఒక పేరు చెబుతారు. ఆ పేర్లు ఇక్కడ రాయను. నాకు కావాల్సింది చెవి.

మా వైపు ఇంట్లో మనిషి పోతే ఆ రాత్రి భజన జట్టు వస్తుంది. పిలవక్కర్లేదు. శవం పక్కన చాప వేసుకుని తెల్లవార్లూ బ్రహ్మంగారి తత్వాలు పాడతారు. మధ్యలో టీ తాగుతారు, బీడీ కాలుస్తారు, పోయినాయన చేసిన కొంటె పనులు చెప్పుకుని నవ్వుతారు కూడా. ఇంటివాళ్లు ఏడ్చి ఏడ్చి ఆ పాట మధ్యలోనే ఒక కునుకు తీస్తారు.

2021 మే నెలలో మా నాయన ఆస్పత్రిలో పోయాడు. మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. శవాన్ని ఇంటికి తేనివ్వలేదు, నేరుగా శ్మశానానికే. నాయన చిన్నప్పటి నుంచి ఎందరి ఇళ్లలోనో తత్వాలు పాడిన మనిషి. ఆయనకు ఒక్కటీ పాడలేకపోయాం. అమ్మకూ పాజిటివ్ వచ్చి వెనక గదిలో ఒక్కతే ఉండేది. అన్నం గడప దగ్గర పెట్టి వచ్చేవాణ్ణి. నాలుగు రోజులు ఒక్క మాట మాట్లాడలేదు.

ఐదో రోజు రాత్రి మద్దెల వాయించే చిన్నాయన ఫోన్ చేశాడు. "వదినా, స్పీకర్‌లో పెట్టు" అన్నాడు. జట్టులో ఆరుగుర్ని కాన్ఫరెన్స్‌లో కలిపాడు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని తత్వం ఎత్తుకున్నారు. సిగ్నల్ సంగతి మీకు తెలిసిందే కదా, ఒకరు పల్లవి దగ్గరుంటే ఇంకొకరు చరణం దాటిపోయారు. చప్పట్లు ముందూ వెనకా పడుతున్నాయి. గదిలోంచి అమ్మ గొంతు వినబడింది: "తాళం తప్పినారు గదప్పా!"

చిన్నాయన, "ఏం చేసేది వదినా, తాళాలు లోపలున్నాయి, తాళం బయటుంది" అన్నాడు. అమ్మ నవ్వింది. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చింది. ఆ రాత్రి సంగటి తినింది.

కర్ఫ్యూ ఎత్తేసేదాకా రోజూ రాత్రి తొమ్మిదికి ఆ ఫోన్ వచ్చేది. తాళం ఒక్కనాడూ కుదరలేదు.

మందిరం గోడ మీద ఇప్పుడు టెలిమానస్ 14416 పోస్టర్ ఉంది, మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడే సర్కారు నంబర్ అది. మంచి పనే, ఆ నంబర్ నా ఫోన్‌లోనూ ఉంది. కానీ మా ఊరి ముసలోళ్లు దిగులుగా ఉందని ఫోన్ చేసి చెప్పుకునే రకం కాదు. దిగులొస్తే రాత్రి అన్నం తిని మందిరం మెట్ల మీద కూర్చుంటారు, ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు. సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే జిల్లా మనది. అదీ పడని ఏడు ఈ మందిరంలోనే విరాటపర్వం చదివించేవాళ్లు, ఆడవాళ్లు కప్పను రోకలికి కట్టి పాడుకుంటూ ఇంటింటికీ తిరిగేవాళ్లు. వాన వచ్చేదా అంటే చెప్పలేను. అప్పులతో టెన్షన్ పడేవాడు మాత్రం ఆ నాలుగు రోజులు ఇంట్లో ఒంటరిగా కూర్చోడానికి వీల్లేదు, ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాక్కొచ్చేవాళ్లు.

మందిరమంటే మతం విషయం కదా అని మీ కిందివాళ్లు అంటారేమో. మా జట్టులో కంజీర వాయించేది దూదేకుల ఆయన. నార్పల దగ్గర గూగూడు కుళ్లాయస్వామి పీర్లకు హిందువులూ ముస్లింలూ ఎట్లా కలిసి పోతారో మీకు చెప్పేపని లేదు.

మాకు డబ్బులు వద్దు. బస్తాలు వేరేచోటికి మార్పిస్తే చాలు, సున్నం మేమే కొట్టుకుంటాం, కరెంటు బిల్లు మేమే కడతాం. రాత్రి 10 తర్వాత మైకు కూడదన్న రూల్ తెలుసు. మాకు మైకే లేదు.

ఇంతకుముందు ఒక కార్యాలయంలో రెండుసార్లు అర్జీ ఇచ్చాను. రెండుసార్లూ "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. రెండోసారి అమ్మ ఆ మెసేజ్ చదివించుకుని, మందిరం దాకా నడిచి వెళ్లి తాళం పట్టుకుని చూసి వచ్చింది.

హార్మోనియం తిత్తి ఈపాటికి ఎలుకలు కొట్టేసే ఉంటాయి. మద్దెల ఒక్కటే బతికింది, అదీ మందిరానికి తాళం వేసిన రోజు మూత బాగుచేయించడానికి చిన్నాయన ఇంటికి తీసుకుపోబట్టి. వచ్చే సోమవారం అర్జీల రోజున నేనూ ఆయనా వస్తాం. మద్దెల బయటే పెట్టి రమ్మంటే పెట్టి వస్తాం.

ఇట్లు,
మీ జిల్లా రైతు ఒకడు